పాత దక్షిణాఫ్రికా జెండా బ్యాడ్జి పెట్టుకుంటే తప్పా? మధ్యలో ఆ మూడు బుల్లి జెండాలేంటి?

జోబర్గ్_నాన్న
ఉద్యోగం మీద జొహానెస్‌బర్గ్ వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్తే మావాడు (తొమ్మిదో తరగతి) 40 రాండ్లు పెట్టి ఒక చిన్న ఎనామిల్ బ్యాడ్జి కొనుక్కున్నాడు. నారింజ, తెలుపు, నీలం అడ్డపట్టీలు, మధ్యలో ఏవో బుల్లి బొమ్మలు. రంగులు నచ్చి కొన్నాడు, అంతే. స్కూలు బ్యాగుకి గుచ్చుకుని వెళ్ళాడు. పదకొండింటికి నాకు ఫోను. వెళ్ళేసరికి బ్యాడ్జి తీయించి కవర్లో పెట్టి ఉంచారు. టీచరు కేకలేమీ వేయలేదు గానీ ముఖం మాత్రం మాడిపోయి ఉంది. "మీకు తెలియకపోవచ్చు" అని నాలుగుసార్లు అంది. మావాడు రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు.

నాకు కోపంగానే ఉంది. 1928 నుంచి 1994 దాకా, 66 ఏళ్ళు ఒక దేశపు జాతీయ జెండా ఇది. ఇప్పుడు అంత అంటరానిదైపోయిందా? మన ఇళ్ళల్లో జార్జి రాజు బొమ్మున్న నాణేలు దాచుకుంటాం, ఎవరైనా ఏమైనా అంటున్నారా? భూతద్దం పెట్టి చూస్తే మధ్యలో మూడు జెండాలు కనిపించాయి. ఒకటి బ్రిటన్‌ది. మిగతా రెండూ ఎవరివి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రగ్బీరాజు
సంతలో అమ్మితే తప్పు లేదు గానీ పిల్లాడు పెట్టుకుంటే తప్పొచ్చిందా? టీచరు ఎక్కువ చేసింది. బ్యాడ్జి ఫోటో పెట్టండి చూద్దాం.

పాతపటాలు
రాజు గారూ, ఆగండి. ముందు ఆ మూడు జెండాల సంగతి చెప్తాను, ఆ తర్వాత ఎవరిది ఎక్కువో మాట్లాడుకుందాం.

మూడూ ఒకప్పుడు ఒకదాని మీద ఒకటి తుపాకులు పేల్చుకున్న జెండాలు. ఒకటి బ్రిటన్ యూనియన్ జాక్. మిగతా రెండూ డచ్ సంతతి బోయర్లవి: ఆరెంజ్ ఫ్రీ స్టేట్, ట్రాన్స్‌వాల్ అనే రెండు రిపబ్లిక్కులు. 1899 నుంచి 1902 దాకా బ్రిటన్‌కీ ఈ రెండింటికీ పెద్ద యుద్ధం. బ్రిటిష్ వాళ్ళు బోయర్ల పొలాలు తగలబెట్టి ఆడవాళ్ళనీ పిల్లల్నీ శిబిరాల్లో కుక్కారు. ఆ శిబిరాల్లో 26 వేలకు పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు రోగాలతో చచ్చిపోయారు. నల్లవాళ్ళకి వేరే శిబిరాలు, అక్కడా వేలల్లో పోయారు. వాళ్ళ లెక్కే సరిగ్గా రాయలేదు.

బ్రిటన్ గెలిచి ఆ రెండింటినీ లాక్కుంది. 1910లో వాటినీ, తన పాత కాలనీలు కేప్, నటాల్‌నీ కలిపి దక్షిణాఫ్రికా యూనియన్ చేశారు. జెండా మాత్రం బ్రిటన్‌దే. ఎర్ర గుడ్డ, మూలన యూనియన్ జాక్, పక్కన యూనియన్ ముద్ర ఉన్నది కూడా వాడేవాళ్ళు. శిబిరాల్లో తల్లుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఆ యూనియన్ జాక్‌కి దండం పెట్టాలంటే ఎలా ఉంటుంది? 1924లో ఒకప్పటి బోయర్ జనరల్ హెర్ట్‌జోగ్ ప్రధాని అయ్యాడు. ఆయన హోం మంత్రి డి.ఎఫ్. మలాన్ కొత్త జెండా బిల్లు తెచ్చాడు. మొదట్లో యూనియన్ జాక్ ఊసే లేకుండా చేద్దామనుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు భగ్గుమన్నారు, నటాల్ ప్రాంతమైతే విడిపోతామంది. చివరికి 1927లో రాజీ కుదిరింది: అందరి జెండాలూ మధ్యలో బుల్లిగా పెడదాం, మూడూ సమానం, పైగా బయట యూనియన్ జాక్ కూడా పక్కనే ఎగురుతుంది అని. 1928 మే 31న ఎగరేశారు.

గోదారిగట్టు
అన్నదమ్ములు వాటాలు పంచుకుని ఉమ్మడి గోడ మీద ముగ్గురి పేర్లూ ఒకే సైజులో రాయించుకున్నట్టుందండి. మా వీధిలో అలాంటి గోడ ఉంది.

జోబర్గ్_నాన్న
@పాతపటాలు ధన్యవాదాలు. మళ్ళీ భూతద్దం పెట్టి చూశాను. ఎడమవైపు యూనియన్ జాక్, కుడివైపున ఎరుపు తెలుపు నీలం పట్టీలు, పక్కన నిలువుగా ఆకుపచ్చ. మధ్యలోది మాత్రం కిందకి వేలాడుతున్నట్టుంది. నారింజ, తెలుపు చారలు. దాని మూలన ఇంకా ఏదో ఉంది, చీమ తలకాయంత.

పాతపటాలు
మీ కళ్ళు మంచివి, చాలామందికి అది కనిపించదు. కుడివైపుది ట్రాన్స్‌వాల్ జెండా, 'ఫీర్‌క్లేర్' అంటారు, నాలుగు రంగులది అని అర్థం. వేలాడేది ఫ్రీ స్టేట్ జెండా. చీమ తలకాయంత ఉన్నది నెదర్లాండ్స్ జెండా! ఫ్రీ స్టేట్ వాళ్ళకి డచ్ రాజు జెండా ఇచ్చినప్పుడు మూలన తన దేశపు జెండా పెట్టించాడు. అంటే జెండాలో జెండా, ఆ జెండాలో మళ్ళీ ఇంకో జెండా.

ఇంకొకటి గమనించారా? యూనియన్ జాక్ కర్రకి దగ్గరగా ఉంది, అది గౌరవస్థానం. కానీ తిరగబడి ఉంది, రెపరెపలాడే కొస కర్రవైపుకి తిరిగింది. ఒకరికి స్థానం, ఇంకొకరికి దిశ. అంగుళం అంగుళం కొలుచుకున్నారు.

నాణేలసంచి
మే 31 అన్నారు కదా. ఆ తేదీ మీద వాళ్ళకి ఎంత పట్టుదలో చూడండి. 1902 మే 31న యుద్ధం ముగిసి సంధి. 1910 మే 31న యూనియన్. 1928 మే 31న జెండా. 1961 మే 31న రిపబ్లిక్.

ప్రిటోరియా_పద్మ
నారింజ రంగు ఎక్కడిదో ఎవరూ చెప్పలేదు. డచ్ వాళ్ళ పాత 'ప్రిన్స్ జెండా' నారింజ, తెలుపు, నీలమే. 1652లో ఇక్కడ డచ్ వలస మొదలుపెట్టిన యాన్ వాన్ రీబేక్ కేప్‌లో దిగినప్పుడు ఎగరేసింది అదేనని చెప్పి ఆ రంగులు తీసుకున్నారు. ఆఫ్రికాన్స్‌లో ముద్దుగా 'ఒరాన్యె, బ్లాన్యె, బ్లౌ' అంటారు. మా పక్కింటి ముసలాయన ఆ మాట అనేటప్పుడు గొంతు మారిపోతుంది. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే సూపు కాచి తెచ్చిన మనిషి. ఆ జెండా ఆయనకి వాళ్ళ నాన్న.

పాతపటాలు
పద్మ గారు చెప్పింది సరే గానీ, 1652 నాటికి డచ్ జెండాలో నారింజ పోయి ఎరుపు రావడం మొదలైపోయింది. వాన్ రీబేక్ ఏది ఎగరేశాడన్నది చరిత్రకారుల్లో తగాదానే. ఆ రంగులు 1927లో ఎందుకు పనికొచ్చాయంటే, బ్రిటన్‌ది కాదు, బోయర్ రిపబ్లిక్కులదీ కాదు, ఎవరూ కాదనలేని పాతది.

రగ్బీరాజు
ఇదంతా విన్నాక నాకు ఇంకా నచ్చింది ఈ జెండా. కొట్టుకున్న రెండు జాతులు రాజీపడి ఒక గుడ్డ మీద కూర్చున్నాయి. ఇందులో పాపం ఏముంది?

డర్బన్_మనవరాలు
రాజు గారూ, "రెండు జాతులు" అన్నారు చూడండి, మొత్తం అందులోనే ఉంది.

మాది డర్బన్. ఇక్కడ నాది అయిదో తరం. తెలుగు శనివారం క్లాసుల్లో నేర్చుకుని, తర్వాత రాజమండ్రిలో రెండేళ్ళు చదివాను. మావాళ్ళు కూలి ఒప్పందం మీద మద్రాసులో ఓడ ఎక్కి వచ్చారు. మొదటి ఓడ 'ట్రూరో' 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా 52 వేల మందిని ఇలా చెరకు తోటలకి, గనులకి తెచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. నటాల్‌లో మనవాళ్ళకి పార్లమెంటు ఓటు 1896లోనే తీసేశారు. 1927లో జెండా గురించి వాదించుకున్న పార్లమెంటులో కూర్చునే హక్కు తెల్లవాళ్ళకి తప్ప ఎవరికీ లేదు. ఆ గుడ్డ మీద అంగుళాలు కొలుచుకున్నవాళ్ళు దేశంలో అత్యధికులైన నల్లవాళ్ళకి ఒక దారప్పోగు కూడా ఇవ్వలేదు. అడగను కూడా అడగలేదు.

మా నాన్న 1961లో రెండో తరగతి. రిపబ్లిక్ అయిందని బడిలో పిల్లలందరికీ పుల్లకి అంటించిన చిన్న కాగితం జెండా, మిఠాయి ఇచ్చారట. నాన్న ఊపుకుంటూ ఇంటికొచ్చాడు. మా నాయనమ్మ ఏమీ అనలేదట. కాగితం పీకి పొయ్యిలో పెట్టి, పుల్లని మాత్రం పెరట్లో వంగిపోతున్న మిరప మొక్కకి ఊతంగా గుచ్చిందట. తర్వాత కొన్నేళ్ళకే కేటో మేనర్‌లో మా ఇల్లు తెల్లవాళ్ళ ప్రాంతమని ఖాళీ చేయించారు. మామిడి చెట్టు, కరివేపాకు చెట్టు వదిలేసి చాట్స్‌వర్త్‌లో రెండు గదుల ఇంటికి. ఖాళీ చేయమని నోటీసు ఇచ్చిన ఆఫీసు మీద ఎగురుతున్నది ఈ జెండానే అని నాన్న ఇప్పటికీ చెప్తాడు. బ్యాడ్జి చూసి టీచరు ముఖం మాడిందన్నారు కదా. ఆవిడ ఇంట్లో ఏ కథ ఉందో.

జోబర్గ్_నాన్న
చదివాను. మావాడికి కూడా చదివి వినిపించాను. టీచరు నల్లజాతి ఆవిడే. నాకు ఆ ఆలోచనే రాలేదు.

వరంగల్_వేణు
అక్కా, మీ నాయినమ్మ ముచ్చట మస్తు గుచ్చుకుంది. గానీ ఒక్క మాట. ఇట్లాంటి జెండాలను కంటికి కనిపించకుండ చేస్తే రేపటి పోరగాళ్ళకు ఎట్ల తెలుస్తది? ఈ పిలగాడు కొనుక్కొచ్చిండు కాబట్టే కదా మనమిప్పుడు ఇంత మాట్లాడుకుంటున్నం. నిషేధం పెడితే అటకెక్కుతది, మనసులకెళ్ళి పోదు.

లాపాయింట్
వేణు గారూ, పూర్తి నిషేధం ఏమీ లేదు. చట్టం ఏముందో చెప్తాను.

2017 అక్టోబరులో రైతుల హత్యలకి నిరసనగా ఊరేగింపులు జరిగాయి. వాటిలో ఈ పాత జెండా కనిపించింది. నెల్సన్ మండేలా ఫౌండేషన్ కోర్టుకెళ్ళింది. ఆఫ్రిఫోరమ్ అనే సంస్థ భావప్రకటన స్వేచ్ఛ అని ఎదురు వాదించింది. 2019 ఆగస్టు 21న జొహానెస్‌బర్గ్‌లోని సమానత్వ న్యాయస్థానంలో జడ్జి మోజపేలో తీర్పు చెప్పారు: సరైన కారణం లేకుండా ఈ జెండాని ప్రదర్శించడం ద్వేషప్రసంగమే అని. అంటే నోటితో మాట అననక్కర్లేదు, జెండా ఊపడం కూడా మాటే. 2023లో అప్పీలు కోర్టు కూడా బహిరంగ ప్రదర్శన విషయంలో ఆ తీర్పునే నిలబెట్టింది.

కానీ చదువు కోసం, వార్త కోసం, కళ కోసం చూపిస్తే తప్పు కాదని తీర్పులోనే ఉంది. మ్యూజియంలో ఉండొచ్చు, చరిత్ర పుస్తకంలో ఉండొచ్చు. ఇది జైలుకి పంపే క్రిమినల్ చట్టం కూడా కాదు. క్షమాపణ, నష్టపరిహారం లాంటివి ఉంటాయి. మీ అబ్బాయి విషయంలో స్కూలు చేసింది నా లెక్కన చాలా మర్యాదగా ఉంది.

రగ్బీరాజు
సరే, టీచరు మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ కోర్టు ఒక గుడ్డని ద్వేషప్రసంగం అనడం నాకు మింగుడుపడట్లేదు. పద్మ గారి పక్కింటాయన నాన్న జ్ఞాపకం కోసం దాచుకుంటే?

లాపాయింట్
బీరువాలో దాచుకోవడం వేరు, ఊరేగింపులో ఊపడం వేరు.

ప్రిటోరియా_పద్మ
ఆయన బీరువాలోనే ఉంచాడు. ఒకసారి చూపించాడు, మడతల దగ్గర తెలుపు పసుపెక్కిపోయింది. "ఇది బయటికి తీస్తే మా పనమ్మాయి ఏడుస్తుంది" అన్నాడు. 30 ఏళ్ళుగా వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ గురించి.

ఏలూరు_శర్మ
తెలుగువాళ్ళకి తెలియాల్సిన సంగతి ఒకటి. 1927లో జెండా బిల్లు నడిపిన మలానే అదే ఏడు కేప్‌టౌన్ ఒప్పందం కూడా నడిపాడు. డబ్బులిచ్చి భారతీయుల్ని ఇండియాకి సాగనంపడం అందులో ముఖ్యాంశం. దానికి ప్రతిగా భారత ప్రభుత్వం తరఫున అక్కడ ఒక ఏజెంటు ఉండాలన్నారు. మొదట శ్రీనివాస శాస్త్రి గారు వెళ్ళారు. 1929 నుంచి 1932 దాకా ఆ పదవిలో ఉన్నది మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి కూడా అయ్యారు. ఆయన అక్కడ అడుగుపెట్టేసరికి ఈ జెండాకి ఏడాది వయసు. ఆయన ఉండగానే 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. ఆ మలానే 1948లో ప్రధాని అయి వర్ణవివక్షని చట్టం చేశాడు.

డర్బన్_మనవరాలు
@ఏలూరు_శర్మ నేను తెలుగు నేర్చుకున్న శనివారం క్లాసులు ఆ మహాసభవే. నాయుడు గారి పేరు మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు.

నాణేలసంచి
మా నాన్న 1980ల నాటి పాస్‌పోర్టు నా దగ్గరుంది. దక్షిణాఫ్రికాకి మాత్రం చెల్లదని అందులో ముద్ర ఉంటుంది. 1946లోనే ఇండియా వాళ్ళతో వ్యాపారం తెంచేసింది, అప్పటికి మనకి స్వాతంత్ర్యం కూడా రాలేదు. దౌత్య సంబంధాలు మళ్ళీ 1993లోనే. అందుకే నేను చిన్నప్పుడు అట్లాసులో తప్ప ఈ జెండాని ఎక్కడా చూడలేదు.

గోదారిగట్టు
క్రికెట్‌లో చూసుంటారేమో అనుకున్నా. వర్ణవివక్ష వల్ల ఆటల్లో వాళ్ళని వెలివేశాక, మళ్ళీ 1991 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో వాళ్ళ మొదటి మ్యాచ్, మన అజహర్ కెప్టెన్. మా ఊళ్ళో ఒకే టీవీ, ముప్పైమందిమి.

రగ్బీరాజు
1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి వాళ్ళు 32 ఏళ్ళ తర్వాత వచ్చారు, ఈ జెండా లేకుండా. తటస్థంగా ఉండే వేరే జెండా పట్టుకున్నారు. కానీ అదే ఏడు ఆగస్టులో ఎల్లిస్ పార్క్‌లో న్యూజిలాండ్‌తో రగ్బీ మ్యాచ్‌కి జనం పాత జెండాలే ఊపారు, పాత జాతీయగీతమే పాడారు. మళ్ళీ 1995లో అదే స్టేడియంలో వరల్డ్ కప్ ఫైనల్, కొత్త జెండాలు, వాళ్ళ రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్ జెర్సీలో మండేలా. మూడేళ్ళలో అదే గ్రౌండ్. ఆ ఫైనల్ వీడియో నేను వందసార్లు చూసుంటా, జెండా గురించి మాత్రం ఇవాళే ఆలోచించా.

వరంగల్_వేణు
66 ఏండ్లల్ల అసలు మారనే లేదా ఇది?

పాతపటాలు
జెండా గుడ్డ మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. 1957లో పక్కన ఎగిరే యూనియన్ జాక్‌ని తీసేశారు. 1961లో రిపబ్లిక్ అయి కామన్వెల్త్ నుంచి బయటికొచ్చినా మధ్యలో ఉన్న బుల్లి యూనియన్ జాక్ అలాగే ఉంది. ప్రధాని వెర్‌వుర్డ్‌కి ఏ చిన్న జెండాలూ లేని శుభ్రమైన జెండా పెట్టాలని ఉండేది. 1966లో ఆయన్ని పార్లమెంటులోనే పొడిచి చంపారు, ఆ ఆలోచన ముందుకి సాగలేదు. నమీబియా మీద కూడా ఇదే ఎగిరేది. 1990 మార్చి 21న విండ్‌హుక్‌లో దించారు. సొంత దేశంలో ఇంకో నాలుగేళ్ళుంది.

ప్రిటోరియా_పద్మ
కొత్త జెండా కథ అయితే ఇంకా బావుంటుంది. 1993లో జనాన్ని డిజైన్లు పంపమంటే 7 వేలకు పైగా వచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. ఎన్నికలు నెత్తి మీదకొచ్చేశాయి. ప్రభుత్వ చిహ్నాల అధికారి ఫ్రెడరిక్ బ్రౌనెల్ జ్యూరిక్‌లో ఒక సభలో కూర్చుని గీసుకున్న బొమ్మే చివరికి పనికొచ్చింది. మండేలా ఆమోదం కోసం ఫ్యాక్స్ పంపారు. ఫ్యాక్స్ అంటే నలుపు తెలుపే కదా! అక్కడున్నవాళ్ళు దగ్గర కొట్టుకి పరిగెత్తి రంగు పెన్సిళ్ళు కొనుక్కొచ్చి పూసి చూపించారట. 1994 ఏప్రిల్ 27న, ఎన్నికల రోజున, అది ఎగిరింది. తాత్కాలికం అనుకున్నారు, 1996 రాజ్యాంగంలో శాశ్వతమైపోయింది. అందులో ఎరుపుని అధికారికంగా 'మిరపకాయ ఎరుపు' అంటారు. బ్రిటిష్ ఎరుపూ కాదు, డచ్ నారింజా కాదు.

గుంటూరోడు
ఇంతసేపూ ఊరికే చదువుతున్నా. మిరపకాయ అన్నాక ఆగలేకపోయా. ఏ రకం? తేజానా, 334నా?

గోదారిగట్టు
@గుంటూరోడు అది డర్బన్ నాయనమ్మ గారి పెరట్లో కాసిన రకం.

డర్బన్_మనవరాలు
@గోదారిగట్టు ఇది నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

జోబర్గ్_నాన్న
ఇవాళ స్కూలుకి మళ్ళీ వెళ్ళాను, మావాడూ నేనూ. ముందుగా సారీ చెప్పాం. టీచరు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వాళ్ళ నాన్న పాస్‌బుక్ (నల్లవాళ్ళు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సిన గుర్తింపు పుస్తకం) లేదని మూడు రాత్రులు లాకప్‌లో ఉన్నాడట, గోడ మీద ఈ జెండా బొమ్మ ఉండేదట. అంతకంటే చెప్పలేదు, నేనూ అడగలేదు. మావాడే అడిగాడు, హిస్టరీ క్లాసులో దీని గురించి చెప్పొచ్చా అని. బ్యాడ్జి తెచ్చుకో, బ్యాగుకి కాదు, డబ్బాలో పెట్టి తీసుకురా, శుక్రవారం ఇరవై నిమిషాలు ఇస్తాను అంది. లాపాయింట్ గారు చెప్పిన తీర్పు కూడా చెప్తాడట. ఇప్పుడు బల్ల మీద పెద్ద చార్టు పరుచుకుని రంగు పెన్సిళ్ళతో గీస్తున్నాడు. రాత్రి రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడు.

@డర్బన్_మనవరాలు మీ నాయనమ్మ గారి మిరప మొక్క సంగతి చెప్పొచ్చా అని అడగమంటున్నాడు. పేరు చెప్పడట.

డర్బన్_మనవరాలు
చెప్పమనండి. పేరు కూడా చెప్పొచ్చు, మీకు మెసేజ్ పెడతాను.

పాతపటాలు
చార్టులో మధ్య జెండాని నిలువుగా గీయమనండి, అడ్డంగా కాదు. యూనియన్ జాక్‌ని తిప్పి గీయాలి. అందరూ అక్కడే తప్పు చేస్తారు. చీమ తలకాయకి పెన్సిల్ బాగా చెక్కుకోవాలి.